ఆరూ చెప్తేనే కూర్చోవాలి

సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు ఒక నర్సు నా చేతికి టీ గ్లాసు ఇచ్చింది. జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, మొదటి అంతస్తు, ఐసీయూ బయట వరండా. గోడకి ఆనించి వేసిన ఇనప బెంచీ మీద నేనొక్కణ్ణే ఉన్నాను. లోపల నా వాళ్లెవరూ లేరు. నా భార్య పోయి అప్పటికి పదిహేడు రోజులు.

ఆవిడ లోపల ఉన్న ఇరవై రెండు రోజులూ నన్ను సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకే చూడనిచ్చేవారు. ఆ అలవాటు పోలేదు. కార్యక్రమాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక కూడా, మూడున్నర అయ్యేసరికి చొక్కా మార్చుకుని బయల్దేరేవాణ్ణి. బెంచీ మీద కూర్చునేవాణ్ణి. అయిదింటికి లేచి ఇంటికి వచ్చేవాణ్ణి. వాచ్‌మన్ నన్ను ఏమీ అనలేదు. అలవాటైన మొహం కదా.

టీ ఇచ్చిన నర్సు లోపల మా ఆవిణ్ణి చూసుకున్న అమ్మాయే. ఎందుకొచ్చారని అడగలేదు. పక్కన కూర్చుని, "అమ్మగారిది ఏ ఊరండీ?" అంది.

"రెడ్డిగూడెం."

"అక్కణ్ణుంచి పేటకెట్టా వచ్చారు?"

ఎట్టా వచ్చామో చెప్పాను. పెళ్లైన కొత్తలో రెండు బస్సులు మారి వచ్చామని, ఆవిడ కుట్టుమిషను తల ఒళ్లో పెట్టుకుని కూర్చుందని, కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టబోతే "ఇది నా ఒళ్లో ఉందయ్యా, నీ బస్సులో లేదు" అందని చెప్పాను. అమ్మాయి నవ్వింది. ఇంకేమిటో అడిగింది, ఇంకేమిటో చెప్పాను. పదిహేడు రోజుల్లో నేను పూర్తి వాక్యాలు మాట్లాడటం అదే మొదలు. అప్పుడు దాన్ని పెద్ద విషయంగా అనుకోలేదు.

బడుల్లో కొత్తగా చేరిన మీలాంటి వాళ్ల కోసం నా ఉద్యోగ జీవితంలోంచి ఒక అనుభవం రాయమన్నారు. నేను ముప్పై నాలుగేళ్లు తెలుగు పండితుణ్ణి. ఆ ముప్పై నాలుగేళ్లలో చెప్పుకోదగ్గది లేదని కాదు. కానీ మీకు పనికొచ్చే తప్పు నేను రిటైరయ్యాక చేశాను. అందుకే అది రాస్తున్నాను.

టీ తాగాక ఆ అమ్మాయి, "మాస్టారూ, మీరు వ్యాకరణం చెప్పేవారంట కదా" అంది. చెప్పేవాణ్ణన్నాను. తను రోజూ పొద్దున నందిగామ వెళ్లి ఫిన్లాండు భాష నేర్చుకుంటోందిట. అక్కడి వృద్ధాశ్రమాల్లో నర్సులు కావాలి. ముందు భాష రావాలి. నందిగామలో ఒకాయన దానికోసం సెంటర్ పెట్టాడు. తొమ్మిది మంది చేరారు.

"ఒక్క ముక్క ఎక్కట్లేదండీ. వారానికోసారి ఫిన్లాండు మేడమ్ కంప్యూటర్లో కనపడి ఇంగ్లీషులో చెప్పుద్ది. మిగతా రోజులు పుస్తకం చూసి మేమే కొట్టుకోవాలి. మాకు ఇంగ్లీషే సరిగ్గా రాదు, దాంట్లోంచి ఇంకోటి నేర్చుకోడమేంటండీ? మీరోసారి పుస్తకం చూస్తారా?"

మర్నాడు అదే బెంచీ మీద పుస్తకం చూశాను. చూడకపోయి ఉంటే నాకు పని తక్కువయ్యేది.

ఫిన్నిష్‌లో చోటు చెప్పడానికి ఆరు విభక్తులున్నాయి. మూడు లోపలివి, మూడు పైవి. ఇంగ్లీషు పుస్తకం ఆరింటికీ ఆరు పేజీలు తీసుకుంది, లాటిన్ పేర్లు పెట్టింది. నాకు పేర్లు అర్థం కాలేదు గాని ఉదాహరణలు చూడగానే అర్థమైంది. లో, లోంచి, లోకి. మీద, మీంచి, మీదికి. అంతే. అక్కడ ఇల్లుని తలొ అంటారు. తలొస్స అంటే ఇంట్లో. తలొస్త అంటే ఇంట్లోంచి. తలోన్ అంటే ఇంట్లోకి. మనలాగే వాళ్లూ ప్రత్యయాన్ని మాట చివర అతికిస్తారు. అతికించేటప్పుడు మాట రూపం మారుతుంది. ఇల్లు ఇంట్లో అయినట్టు, మునేరు మునేట్లో అయినట్టు. ఔపవిభక్తికాలని మనం ఎనిమిదో తరగతిలో పిల్లల ప్రాణాలు తీసే పాఠమే.

"ఇంగ్లీషు పక్కన పెట్టమ్మా" అన్నాను. "ఇది నీకు పుట్టినప్పట్నుంచీ వచ్చు."

వారం తిరిగేసరికి సెంటర్ నడిపే ఆయన ఫోన్ చేశాడు. కీసర మనిషి, మాట మర్యాదగా ఉంటుంది. "మాస్టారూ, మీరు బెంచీ మీద చెప్పింది ఆ అమ్మాయి మిగతా వాళ్లకి చెప్పిందండీ. అందరూ మిమ్మల్నే అడుగుతున్నారు. రోజూ పొద్దున రెండు గంటలు వచ్చి పోతారా?"

"నాకు ఆ భాష రాదండీ."

"వాళ్లకీ రాదు కదండీ."

సరే, వస్తానన్నాను. ఇంట్లో పనీ లేదు. హైవే మీద బస్సులో ముప్పావు గంట. పొద్దున ఏడింటికి తరగతి. పుస్తకంలో వాళ్లకంటే ఒక పాఠం ముందు ఉండేవాణ్ణి, కొన్నిసార్లు ఒక పేజీ ముందు. సాయంత్రం మళ్లీ బెంచీ.

తరగతి సరదాగా ఉండేది. తొమ్మిది మందిలో ఒకడే మగ నర్సు, వత్సవాయి వైపు వాడు, నోరు ఊరుకోదు. ఒకరోజు ప్రయాణాలు చెబుతున్నాను. వాళ్ల భాషలో బస్సులో వెళ్లాను, కారులో వెళ్లాను అనడానికి మీద అనే ప్రత్యయమే వాడతారు.

"అంటే కారు మీద పోతారా మాస్టారూ?"

"అనడం అలా అంటారు."

"ఏముంది, మన పెనుగంచిప్రోలు ఆటో లాగే. లోపల పది మంది, పైన నలుగురు."

నాకు టీ ఇచ్చిన అమ్మాయిది పెనుగంచిప్రోలే. వాళ్ల నాన్న అక్కణ్ణుంచి పేటకి ఆటో నడుపుతాడు. వెనక్కి తిరిగి, "మా నాన్న టాప్ మీద ఎవర్నీ ఎక్కించుకోడు. నువ్వొస్తే మాత్రం మిరపకాయ బస్తాలతో పాటు కట్టేస్తాడు" అంది.

"ఆ భాషలో తిట్టమ్మా, మార్కులేస్తా" అన్నాను. ఆ అమ్మాయి నిలబడి, బస్తాతో కలిపి, లో నుంచి మీదికి దాకా ఆరూ తప్పు లేకుండా చెప్పి కూర్చుంది.

ఇక్కడే నా తప్పు ఉంది. నాకు పాఠం చెప్పడం ఒకే రకంగా వచ్చు. నిలబడాలి. చేతులు వెనక్కి కట్టుకోవాలి. విభక్తులు వరసగా అప్పజెప్పాలి. ఆరూ చెప్తేనే కూర్చోవాలి. మధ్యలో ఆగితే మళ్లీ మొదటినుంచి. డుమువులు దగ్గర మొదలుపెట్టి నేను ముప్పై నాలుగేళ్లు పిల్లల చేత అలాగే చెప్పించాను. నా చేత మా మాస్టారూ అలాగే చెప్పించారు. తలొస్స, తలొస్త, తలోన్, తలొల్ల, తలొల్త, తలొల్లె. వినడానికి బాగుండేది. తొమ్మిది మంది కలిసి చెబుతుంటే కింద మందుల షాపు అతను పైకి వచ్చి ఇది వేద పాఠశాలా అని అడిగాడు. నేను సంతోషించాను.

అందరిలోకీ బాగా చెప్పేది ఆ అమ్మాయే. ఏ మాట ఇచ్చినా ఊపిరి తీసుకోకుండా ఆరూ చెప్పేది. ఆ మగ నర్సు మాత్రం ఎప్పుడూ మూడో దాని దగ్గర ఆగిపోయేవాడు. వాణ్ణి సగం రోజులు నిలబెట్టే ఉంచాను.

ఇంటర్వ్యూ తేదీ చెప్పారు. అప్పుడు ఆ అమ్మాయి నన్ను బస్టాండులో అడిగింది. "మాస్టారూ, ఇక్కడ మానెయ్యాలంటే నెల ముందే ఆసుపత్రిలో నోటీసు ఇవ్వాలండీ. ఇచ్చాక మళ్లీ తీసుకోరు. సెలెక్టయితే వెంటనే బయల్దేరాలంటున్నారు. ఇవ్వమంటారా, ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగమంటారా?"

"ఇచ్చెయ్. నీకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది?"

ఆ మాట నేనన్నాను. తను నమ్మింది. ఎనిమిదేళ్లు చేసిన ఉద్యోగానికి మర్నాడు కాగితం ఇచ్చింది.

ఇంటర్వ్యూ మా తరగతి గదిలోనే, కంప్యూటర్ ముందు. అటువైపు ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె వారంవారం పాఠం చెప్పే మేడమ్. రెండో ఆమె వృద్ధాశ్రమంలో నర్సుల పెద్ద, యాభై దాటిన మనిషి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఆవిడ ముసలి రోగిలా నటిస్తుంది. ఎదురుగా ఉన్నవాళ్లు నర్సులా మాట్లాడాలి. ఒక్కొక్కరికి పది నిమిషాలు. నేను మూల కుర్చీలో, నోరు తెరవకూడదన్న షరతు మీద.

మగ నర్సు వెళ్లాడు. "నా కళ్లజోడు ఎక్కడ?" అంది ముసలావిడ. వాడు తల గోక్కున్నాడు. "కళ్లజోడు... బల్ల... మీద. నేను... ఇస్తా. అమ్మా, నేను తెస్తా" అన్నాడు. ఒక ప్రత్యయం తప్పు. చేత్తో కళ్లజోడు పెట్టినట్టు చూపించాడు. ఆవిడ నవ్వింది.

తర్వాత మా అమ్మాయి. అదే ప్రశ్న. "నా కళ్లజోడు ఎక్కడ?"

అమ్మాయి చేతులు వెనక్కి కట్టుకుంది. బల్ల అనే మాటకి ఆరు విభక్తులూ చెప్పింది. లోపలివి మూడు, పైవి మూడు, వరసలో, ఒక్క అక్షరం పోకుండా. చెప్పి, కూర్చోవచ్చా అన్నట్టు చూసింది.

నర్సుల పెద్ద మెల్లగా మళ్లీ అడిగింది. "నా కళ్లజోడు ఎక్కడమ్మా?"

అమ్మాయి మళ్లీ మొదటినుంచి చెప్పింది. ఈసారి కొంచెం గట్టిగా. అప్పుడు గమనించాను, మూల కూర్చుని నేనూ పెదాలు కదుపుతున్నాను.

మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. ఎనిమిది మందిని తీసుకున్నారు. మగ నర్సు మొదటి పేరు. మా అమ్మాయి గురించి రెండు వాక్యాలు రాశారు. ఈమెకి మాటలు తెలుసు. రోగి దగ్గర ఒంటరిగా వదలలేం. ఏడు వారాల తర్వాత ఇంకొక్కసారి అవకాశం ఇస్తారు, మూడోసారి ఉండదు.

సెంటర్ మెట్ల మీద ఆ అమ్మాయి కూర్చుని ఉంది. ఏడవలేదు.

"మాస్టారూ, మీరు చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పా. ఒక్క అక్షరం పోలేదు."

"పోలేదమ్మా."

"మరెందుకు తీసేశారు?"

"ఆవిడ అడిగింది ఒకటి. నువ్వు ఆరు చెప్పావు."

"ఆరూ చెప్తేనే కదండీ మీరు కూర్చోమనేది!"

నేను మెట్టు దిగి పక్కన నిలబడ్డాను. ముప్పై నాలుగేళ్లలో నా దగ్గర నూటికి తొంభై తెచ్చుకున్న పిల్లలు ఎంతమందో. వాళ్లలో ఎంతమంది ఎవరికైనా కళ్లజోడు ఎక్కడుందో చెప్పగలిగారో నేను ఎప్పుడూ కనుక్కోలేదు.

ఆ అమ్మాయి చోట్లో ఆసుపత్రి వాళ్లు ఇంకొకర్ని తీసుకున్నారు. తను ఇళ్లకి వెళ్లి డ్రెస్సింగులు చేస్తూ, ఇంజక్షన్లు ఇస్తూ గడిపేది. నేను మాత్రం నాలుగింటికి బెంచీ మానలేదు. ఇక టీ ఇచ్చేవాళ్లు లేరు.

"ఆదివారాలు మా ఇంటికి రా" అని ఫోన్ చేశాను. "పుస్తకం తేవద్దు."

ఆదివారం పొద్దున వాళ్ల నాన్న ఆటోలో దించాడు. వరండాలో కూర్చుంటానన్నాడు.

"మీరూ లోపలికి రండి. మీతో పనుంది" అన్నాను.

"నన్నేం చెయ్యమంటారు మాస్టారూ? నేను చదివింది అయిదో తరగతి దాకానే."

"మీరు ఫిన్లాండులో ముసలావిడ."

ఆయన మీసం తడుముకున్నాడు. "మరి ఇదో?"

"చలి దేశం నాన్నా, ఉంటయ్యిలే" అంది కూతురు.

నేను ఆలోచించిన పద్ధతి ఇది. ఆయన ఇంట్లో ఏదో ఒక వస్తువు తీసి ఇంకోచోట పెడతాడు. అమ్మాయి అది ఎక్కడుందో, ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎక్కడికి పోతుందో ఫిన్నిష్‌లో చెప్పాలి. ఒకదానికి ఒకటే మాట. నిలబడక్కర్లేదు. తాళాలు సొరుగులోంచి మంచం మీదికి. నవల అలమరలోంచి స్టూలు మీదికి. ఆయనకి ఆట నచ్చింది. ఉప్పు డబ్బా తీసుకెళ్లి నా చెప్పుల పక్కన పెట్టాడు. అమ్మాయి తడుముకుంటూ చెబుతోంది. వరస తప్పితే మాట దొరకడం లేదు. లోపల మొదటినుంచి చెప్పుకుంటూ వచ్చి కావాల్సిన దాని దగ్గర ఆగుతోంది. పెదాలు చూస్తే తెలిసిపోతోంది.

అప్పుడు ఆయన కిటికీ పక్కనున్న చిన్న బల్ల మీంచి కళ్లజోడు తీశాడు.

"అది వద్దండీ" అన్నాను.

ఆయన వెంటనే ఎలా ఉందో అలా పెట్టేశాడు. అది మా ఆవిడది. ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు పేపరు మీద పెట్టి మర్చిపోయింది, రెండ్రోజుల్లో వస్తాం కదా అనుకున్నాం. అప్పట్నుంచి అక్కడే ఉంది. బల్ల తుడిచేటప్పుడు దాని చుట్టూ తుడిచేవాణ్ణి. ఇందులో విశేషం లేదు, చాలా ఇళ్లలో ఇలాంటిది ఒకటి ఉంటుంది.

అమ్మాయి కళ్లజోడు వైపు చూసి, బల్ల మీద ఉంది అని ఫిన్నిష్‌లో చెప్పింది. ఈసారి పెదాలు ముందు కదలలేదు. తర్వాత తెలుగులో, "కదిలించకపోతే మిగతా రెండూ ఎట్టా వస్తయ్యండీ?" అంది.

పాఠం గురించే అంది. నేను లేచి కళ్లజోడు తీసి సొరుగులో పెట్టాను. తను చెప్పింది, బల్ల మీంచి. సొరుగులోకి. మళ్లీ తీశాను. సొరుగులోంచి. ఆ పొద్దున దాన్ని పది పన్నెండు సార్లు అటూ ఇటూ మార్చి ఉంటాను. చివరికి సొరుగులో ఉంది. ఎవరూ తీసి మళ్లీ బల్ల మీద పెట్టలేదు.

ఆ వారాల్లోనే ఆ భాష నన్ను ఇంకోచోట ఆపింది. దేన్నైనా ఎక్కడైనా మర్చిపోతే వాళ్లు అక్కడ మర్చిపోయాననరు. అక్కడికి మర్చిపోయానంటారు. గొడుగు బస్సులోకి మర్చిపోయాను. ఉండిపోవడం కూడా అంతే, ఇంట్లో ఉండిపోరు, ఇంట్లోకి ఉండిపోతారు. నా లో, లోంచి, లోకి లెక్క అక్కడ పనిచెయ్యలేదు. ఎందుకలా అని మేడమ్‌ని అడిగితే, ఎప్పుడూ ఆలోచించలేదు, అలాగే అంటాం అంది. మనల్ని అడిగినా అదే చెబుతాం. ఇందులో తత్వం వెతకడం నాకిష్టం లేదు. మా ఆవిడ కళ్లజోడుని ఇంట్లోకి మర్చిపోయింది అని ఒకసారి కాగితం మీద రాసి చూసుకున్నాను, అంతే.

ఆరు ఆదివారాలు గడిచాయి. వాళ్ల నాన్న మంచి రోగి అయ్యాడు. మందులు ఇస్తే ఉమ్మేసినట్టు నటించేవాడు. "మా అమ్మాయి మాటలకి ఏమనుకోకండి మాస్టారూ, ఇంట్లో నన్ను ఇంతకంటే ఎక్కువంటది" అని వెళ్లేటప్పుడు ప్రతిసారీ చెప్పేవాడు.

రెండో ఇంటర్వ్యూ మధ్యాహ్నం మూడున్నరకి. మళ్లీ అదే గది, అదే మూల కుర్చీ. అమ్మాయి చేతులు వెనక్కి కట్టుకోలేదు. ఏం చెయ్యాలో తెలియక ముందుకి కట్టుకుంది.

"నా కళ్లజోడు ఎక్కడ?"

"సొరుగులో ఉందండీ. ఇస్తాను."

ఒకటే చెప్పి ఆగింది. నేను ఊపిరి వదిలాను. మందుల డబ్బా అడిగారు, చెప్పింది. చెప్పులు మంచం కిందికి ఎలా వెళ్లాయని అడిగితే, పిల్లి అని ఏదో అంది, తెరలో ఇద్దరూ నవ్వారు. అయిపోయిందనుకున్నాను.

అప్పుడు నర్సుల పెద్ద మొహం మారింది. కిటికీ వైపు చూస్తున్న ముసలావిడలా చూసి, "నా భర్త ఎక్కడ?" అంది.

ఇది పుస్తకంలో లేదు. నేను చెప్పలేదు. అలాంటి చోట ఈ ప్రశ్న రోజూ వస్తుందని తర్వాత తెలిసింది. మతిమరుపు వచ్చిన వాళ్లు, ఎప్పుడో పోయిన మనిషి ఎక్కడని అడుగుతూనే ఉంటారట. ఆ నిమిషంలో నాకు అదేమీ తెలియదు. లో, మీద, లోంచి, మీంచి అని ఆరూ వెతుక్కున్నాను. ఏదీ సరిపోలేదు. తలుపు దగ్గర నిలబడ్డ సెంటర్ ఆయన నా వైపు చూశాడు. నేను నేల చూశాను. రెండోసారి కూడా పోయింది, ఇక మూడోది లేదు, ఆ నోటీసు ఇమ్మన్నది నేనే. అదే తలలో ఉంది.

కుర్చీ జరిగిన చప్పుడైంది. అమ్మాయి కుర్చీ లాక్కుని కంప్యూటర్‌కి దగ్గరగా కూర్చుంది. నిలబడాలా కూర్చోవాలా అని ఎవర్నీ అడగలేదు.

"మీ ఆయనది ఏ ఊరు?" అంది ఫిన్నిష్‌లో.

ముసలావిడ ఊరి పేరు చెప్పింది.

"అక్కణ్ణుంచి మీరు ఇక్కడికి ఎలా వచ్చారు?"

ఒక ప్రత్యయం తప్పు పడింది. నేను విన్నాను, ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. నాకు సగమే అర్థమైంది. చలికాలం, గడ్డకట్టిన చెరువు, దాని మీద నడిచి రావడం, చేతిలో ఏదో పెట్టె. అమ్మాయి తలూపుతూ, "పెట్టెలో ఏముంది?" అంది. ఆవిడ నవ్వి చెప్పింది. పది నిమిషాలు దాటిపోయింది. ఎవరూ ఆపలేదు. చివరికి ఆవిడ ముసలితనం వదిలేసి మామూలు మనిషిలా వెనక్కి వాలి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, కాగితం మీద ఏదో రాసుకుంది. తర్వాత ఇంగ్లీషులో సెంటర్ ఆయన్ని అడిగింది, ఇలా మాట్లాడటం ఈ అమ్మాయికి ఎవరు నేర్పారని.

ఆయన గర్వంగా నన్ను చూపించాడు. "మా మాస్టారండీ."

నేను లేచి, నేను కాదని చెప్పాను. తర్వాత ఆయన మెట్ల మీద, "మీరు నేర్పిందే కదండీ, ఎందుకు కాదంటారు?" అన్నాడు.

"నేను ఆరే నేర్పానండీ" అన్నాను.

అమ్మాయి వాళ్ల నాన్నకి ఫోన్‌లో చెబుతోంది. "తీసుకున్నారు నాన్నా. ఆ, ఒంటరిగానే వదుల్తారంట. నువ్వు ఉమ్మెయ్యడం బాగా పనికొచ్చింది."

ఫోన్ పెట్టేశాక నేను అడిగాను. "ఆ ప్రశ్న నీకెలా తట్టిందమ్మా?"

ఆ అమ్మాయి నన్ను కాస్త వింతగా చూసింది. "మాకు అలవాటేనండీ మాస్టారూ. ఐసీయూ బయట కూర్చున్నోళ్లని ఇంకేం అడుగుతాం? మీరు కూడా చెప్పారుగా, కుట్టుమిషను సంగతి."

చెప్పాను. ఎనిమిదేళ్లుగా తను ఆ వరండాలో ఎంతమందిని ఆ మాట అడిగి ఉంటుందో. నేను దాన్ని నా ఒక్కడికి ఇచ్చిన టీ అనుకున్నాను.

బస్సెక్కి హైవే మీద చాలా దూరం వచ్చాక ఎవరో టైమెంతని అడిగారు. చూస్తే అయిదూ పది. నాలుగు ఎప్పుడు దాటిందో నాకు తెలియలేదు.

ఇదీ సంగతి. మీరు పిల్లల్ని నిలబెట్టేముందు, వాళ్లకి వచ్చిందంతా కాక అడిగినదానికి ఒక్క మాట చెబితే కూర్చోనిస్తారా లేదా అని మిమ్మల్ని మీరు ఒకసారి అడగండి. వల్లె వేయించడం చెడ్డదని నేను అనను. ఆ ఆరూ నోటికి రాకపోతే ఆ అమ్మాయికి ఆ ఒకటీ దొరికేది కాదేమో. దొరికేదేమో కూడా. మూడో దాని దగ్గర ఆగిపోయిన వాడు మొదటిసారే వెళ్లాడు కదా. ఈ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆ అమ్మాయి వెళ్లి ఏడాది దాటింది. అక్కడ ముసలివాళ్లంతా పొద్దుటినుంచీ అడిగేది ఎక్కడ అనే మాటేనని ఒకసారి ఫోన్‌లో చెప్పింది. వాళ్ల నాన్న పేటలో కనిపిస్తే ఆటో ఆపి, మీసం తడుముకుంటూ, ముసలావిడ బాగుందని తన గురించే చెబుతాడు. సెంటర్లో రెండో బ్యాచ్ నడుస్తోంది. నేను వారానికి నాలుగు రోజులు వెళ్తాను. సామాన్లు ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్తాను, తాళాలు, ఉప్పు డబ్బా, కళ్లజోడు. తరగతిలో ఎవర్నీ నిలబెట్టడం లేదు. సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రికి వెళ్లడం లేదు.